తలపుతో కదలు బొమ్మలు

(కోటాలో జరిగిన తెలుగు కుటుంబముల సమ్మేళనమున గావించిన ఉపన్యాస పాఠము)

 

మన ఊరికి రెండు పేర్లు. రైలు చీటీమీద కార్గీ రోడ్. ఊరివారి నోట కోటా. స్వస్థలమునందలి బంధువులకు "మేము కోటాలో నున్నాము" అని చెప్పినయెడల వారు రాజస్థానములోని కోటా యనుకొని, "పిల్లవానిని ఏ కోచింగులో చేర్చితిరి?" అని వెంటనే అడుగుదురు. ఆ కోటాకు పిల్లలను చదువు కొఱకు పంపుదురు. ఈ కోటాకు మనము ఉద్యోగముల కొఱకు వచ్చితిమి. చాలకాలము వఱకు ఈ పొరపాటు నాకు నవ్వులాటగానే తోచెను. నేటి ప్రసంగమునకు దానితో కొంత సంబంధము కలదని ముందుముందు మీకే తెలియగలదు.

ఈ బల్లమీద నున్న పెట్టెను పిల్లలు అప్పుడే చూచిరి. చూచుటయే గాక మూత తీసి మూసిరి కూడ. ఇందులో రెండు తలపట్టీలును, చెవి తమ్మెలకు తగిలించు క్లిప్పులును, ఒక చిన్న పంకాయు, దానిపై తేలుటకు తేలికయైన స్పాంజి బంతియు కలవు. ఆడువాని చేతిలో మీట లేదు. పట్టీ తలకు గట్టుకొని మనస్సును నిలిపినచో బంతి పైకి లేచును, మనస్సు చెదరినచో దిగిపోవును అని పెట్టెమీద వ్రాసియున్నది. ఇది నిజమా? నిజమైనచో ఎంతవఱకు నిజము? కార్యదర్శిగారు నాకొసగిన విషయమిది. ఇందులో మా యింటి సంగతి యొకటి చేరియున్నది. దానిని సమయము వచ్చినప్పుడు చెప్పెదను.

మెదడులో విద్యుత్తు కలదన్న మాట క్రొత్తది కాదు. 1875లో ఇంగ్లండునందలి లివర్‌పూలు నగరమున రిచర్డ్ కేటన్ అను వైద్యుడు కుందేళ్లయొక్కయు కోతులయొక్కయు మెదడులపై సన్నని విద్యుత్ప్రవాహములను కనుగొంటినని ప్రకటించెను. మనుష్యుని విషయమున ఈ పని చేసినవాడు జర్మనీలో యేనా నగరమునందు మనోవైద్యుడుగా నుండిన హాన్స్ బెర్గర్. ఈయన కథ వినదగినది. యౌవనమున సైనిక శిక్షణలో నుండగా గుఱ్ఱము మీదినుండి పడి, ఫిరంగి బండి చక్రముల క్రింద నలిగిపోవలసినవాడు వెంట్రుకవాసిలో తప్పించుకొనెను. ఆ సాయంకాలమే క్షేమసమాచారమడుగుచు తండ్రి యొద్దనుండి తంతి వచ్చెను. ఎంతో దూరమున నున్న సోదరికి తన తోబుట్టువున కేదియో ఆపద వాటిల్లినదని తోచి, తండ్రిని తొందరపెట్టి తంతి నిప్పించినదట. తలపు గూడ తంతివలె దూరప్రయాణము చేయునేమో యన్న సందేహము బెర్గరుగారిని ఆ దినమునుండి పట్టుకొని, ఆయనను మెదడు పరిశోధనకు మరల్చెను. తలపుల తంతి ఆయనకు దొరకలేదు. దొరకినది వేఱొకటి. 1924లో మనుష్యుని తలనుండి విద్యుత్తరంగములను తొలిసారి గీతగా గీయించెను. తాను చూచుచున్నది నిజముగా మెదడునుండి వచ్చినదేనా యని తనను తానే శంకించుకొనుచు ఐదేండ్లు మెలగి, 1929లో గాని ప్రకటింపలేదు. ప్రకటించిన పిదప గూడ నమ్మినవారు కొద్దిమంది. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అను శాస్త్రజ్ఞులు స్వయముగా పరీక్షించి ఔనన్న తరువాతనే లోకము ఔనన్నది.

ఈ తరంగముల బలమెంత? టార్చిలైటులో వేయు సెల్లు ఒకటిన్నర వోల్టులది. నెత్తిచర్మముపై దొరకు మెదడు తరంగములు కొన్ని పదుల మైక్రోవోల్టులు మాత్రమే. యాభై మైక్రోవోల్టులనగా ఆ సెల్లు బలములో ముప్పదివేలవ వంతు. సెకనుకు ఎన్నిసార్లు ఊగునను లెక్కను బట్టి వీనికి పేర్లు పెట్టిరి. నాలుగింటికి లోపైనచో డెల్టా. అది గాఢనిద్రలో హెచ్చు. నాలుగునుండి ఎనిమిది వఱకు థీటా. ఎనిమిదినుండి పదుమూడు వఱకు ఆల్ఫా. కన్నులు మూసికొని ఊరక కూర్చున్నవానికి ఇది తల వెనుక భాగమున స్పష్టముగా కనబడును, కన్నులు తెఱచిన వెంటనే తగ్గిపోవును. పదుమూడునుండి ముప్పది వఱకు బీటా.

ఈ తరంగములను చూచి మనిషి తలపును చదువవచ్చునా? దీనికి మనకు తెలిసిన ఉపమానమే చెప్పెదను. బిలాసపురము జంక్షను వెలుపల, గోడకు ఆవల మీరు నిలుచున్నారనుకొనుడు. లోపలినుండి రొద వినవచ్చును. రొద హెచ్చినచో బండి వచ్చినదని గ్రహింతురు. తగ్గినచో బండి కదలిపోయినదని గ్రహింతురు. అర్ధరాత్రమందలి నిశ్శబ్దమును, పండుగనాటి సందడిని గుర్తింపగలరు. కాని రెండవ నెంబరు ప్లాట్‌ఫారముమీద ఒక తల్లి తన కుమార్తె చెవిలో ఏమి చెప్పినదో గోడవెలుపల నిలిచి వినజాలరు. తలపుఱ్ఱె ఆ గోడ. లోపల కోట్లకొలది కణములు ఒక్కపెట్టున మాటలాడుకొనుచున్నవి. వెలుపలికి వచ్చునది రొద మాత్రమే. మెదడు తరంగముల బొమ్మలన్నియు ఈ రొద హెచ్చుతగ్గులను కొలుచునవే కాని వేఱు కావు.

ఏకాగ్రత యన్న మాట వినగానే మనవారికి యోగము స్ఫురించును. 1961లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆనంద్, ఛీనా, బలదేవ్ సింగ్ అను మువ్వురు కొందఱు యోగుల తలలకు ఈ యంత్రమును తగిలించి పరిశోధించిరి. సాధారణముగా కంటికి వెలుగు చూపినను, చెవివద్ద చప్పుడు చేసినను ఆల్ఫా చెదరును. ధ్యానములోనున్న ఆ యోగులకు చెదరలేదు. ఇద్దఱైతే మంచువంటి చన్నీటిలో ముప్పాతిక గంటకు పైగా చేయి నుంచినను ఆల్ఫా నిలిచియే యుండెనట. మన దేశపు ప్రభుత్వ సంస్థలో, పరికరములు అంతంతమాత్రముగా నున్న ఆ దినములలో ఇట్టి పని జరిగినదని చెప్పుకొనుట నాకు సంతోషము. ఐనను "మన పూర్వులకు ఇదంతయు ముందే తెలియును" అని కొందఱు ఆరంభింతురు. వారి పూర్వులకు తెలిసియుండవచ్చును. ఆనంద్‌గారి బృందము మాత్రము తీగలు తగిలించి, కొలిచి చూచిన పిదపనే చెప్పినది.

ఇక బొమ్మల సంగతి. 1984లో అమెరికాలోని అటారి కంపెనీవారు నుదుటిపట్టీతో ఆడు వీడియో ఆటయొకటి సిద్ధము చేసిరి. అది మెదడును గాక నుదుటి కండరముల కదలికను పట్టునది. అంగడికి రాకమునుపే మూలబడెను. తరువాత 2000 ప్రాంతమున స్వీడనులో పుట్టిన ఆట నాకు అన్నిటికన్న నచ్చినది. దానికి తరువాతి పేరు మైండ్‌బాల్. పొడవాటి బల్లకు రెండు కొనలయందు ఇద్దఱు ఎదురెదురుగా కూర్చుందురు. ఇద్దఱి నుదుటను పట్టీలు. నడుమ నొక బంతి. ఎవని మనస్సు ఎక్కువ ప్రశాంతముగా నుండునో వాని వద్దనుండి బంతి ఎదుటివాని వైపు దొర్లిపోవును. బంతి ఎవని గోలులో పడునో వాడు ఓడినట్లు. ఇందలి చమత్కారము గమనించితిరా? గెలువవలెనని పండ్లు పటపట కొఱికినవాడు ఓడును. గెలుపు దగ్గఱపడగానే మనస్సు ఉప్పొంగును. ఉప్పొంగగానే బంతి వెనుకకు తిరుగును. ఆశను లోపలనే అణచుకొన్నవానికే ఇందులో గెలుపు. మన చదరంగములో, కబడ్డీలో ఈ చిక్కు లేదు.

2009లో ఇవి ఇండ్లలోనికి వచ్చెను. న్యూరోస్కై అను అమెరికా కంపెనీవారు నుదుటిమీద నొక్క పొడి స్పర్శబిళ్లతో, చెవి తమ్మెకొక క్లిప్పుతో పని జరుగునట్లు చిన్న చిప్పును తయారుచేసిరి. దానితో మాటెల్ కంపెనీవారు మైండ్‌ఫ్లెక్స్ అనుదానిని, అంకుల్ మిల్టన్ అను వారు స్టార్ వార్స్ చలనచిత్రముల పేరిట మఱియొకదానిని విపణిలో నుంచిరి. రెంటియందును గాలిలో తేలు బంతియే. జపానులో పిల్లి చెవులవంటి అలంకారము వచ్చినది. తొడిగినవారి మనస్సు దేనిమీదనైన లగ్నమైనచో చెవులు నిక్కును, ఊరటచెందినచో వ్రాలును. అత్తగారి యెదుట తొడుగదగిన వస్తువు కాదు.

వైద్యశాలలో తలనిండ ఇరువదికి పైగా బిళ్లలను జిగురు మందుతో అంటించి, పరికించుటకు నిపుణుని కూర్చుండబెట్టుదురు. బొమ్మలో నుదుటిమీద బిళ్ల యొక్కటి. నుదురన్నది కనుబొమల కండరములు, కంటిరెప్పలు, దవడలు కదలు చోటు. కండరముల విద్యుత్తు మెదడు తరంగములకన్న ఎన్నియో రెట్లు బలమైనది. ఈ జాతి బొమ్మ మా యింటికి వచ్చినప్పుడు మేము పరీక్షించితిమి. నిత్యము జపము చేయు నా భార్య పట్టీ కట్టుకొని కన్నులరమూసి కూర్చుండగా బంతి చక్కగా లేచెను. "చూచితిరా జపమహిమ!" అని నేననుకొనుచుండగా, మా మనుమడు పట్టీ పెరికికొని, దవడలు బిగించి, కనుబొమలు ముడివేసి, అంతకన్న ఎత్తుగా లేపెను. ఆ దినము మా యింట జపమునకును దవడలకును సరిసమానమైన మార్కులు వచ్చెను. కావున బొమ్మ బూటకమని కొట్టివేయరాదు. మెదడు రొద అందులో కొంత కలదు. ఆ కొంతలో మనస్సెంత, ముఖమెంత యని విడదీయుట ఆ ధరకు వచ్చు యంత్రమునకు సాధ్యము కాదు.

ఇంతకన్న పై మెట్టున జరిగిన పని యొకటి కలదు. అందులోను ఆటయే ముఖ్యము. దానికి నాయకుడు రాజేశ్ రావుగారు. హైదరాబాదులో రక్షణ పరిశోధనాలయములు వెలసిన కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయమున చదివి 1988లో పాఠశాల విద్య ముగించినవారు. మన పిల్లలలో కేంద్రీయ విద్యాలయమున చదువుచున్నవారు చేతులెత్తుడు! చూచితిరా, ఎంతమంది! ఆయన అమెరికాలో పైచదువులు చదివి, వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. సింధులోయ లిపిపై ఇరావతం మహదేవన్ ప్రభృతులతో గలసి 2009లో వ్యాసము ప్రకటించినవారును వీరే. ఇక 2013 ఆగష్టు 12వ తేదీన ఆయన తన ప్రయోగశాలలో తలకు టోపీ తగిలించుకొని వీడియో ఆట యెదుట కూర్చుండిరి. తెరమీద ఫిరంగి పేల్చవలసిన సమయము వచ్చినది. ఆయన చేయి కదల్పలేదు. కుడిచేయి కదల్చుచున్నట్లు భావించిరి. ఆ భావనవలన మెదడులో కలుగు మార్పును యంత్రము పట్టి, ఇంటర్నెట్టు ద్వారా అదే విశ్వవిద్యాలయమున మఱియొక భవనమునకు పంపెను. అచ్చట ఆంద్రెయా స్టోక్కో అను సహచరుడు తలమీద అయస్కాంతపు చుట్టతో కూర్చుండెను. ఆ చుట్ట ఆయన మెదడులో కుడిచేతిని కదల్చు భాగమును తట్టగా, ఆయన ప్రయత్నము లేకయే వ్రేలు కదలి మీట నొక్కెను, ఫిరంగి ప్రేలెను. కోత పెట్టక, తలలో నేమియు నాటక ఒక మనుష్యుని మెదడునుండి మఱియొక మనుష్యుని మెదడునకు సంకేతము నడచిన తొలి ప్రయోగము ఇదియని వారు ప్రకటించిరి.

ఈ వార్త వచ్చినప్పుడు పత్రికలలో "పరకాయ ప్రవేశము" అన్నంత సందడి జరిగినది. మనలో స్టేషను మాస్టరు పని చేసినవారికి మాత్రము ఇది ఏమియో ఇట్టే తెలియును. ఇచ్చట బ్లాకు ఇన్‌స్ట్రుమెంటు మీట నొక్కినచో అవతలి స్టేషనులో గంట మ్రోగును. ఎన్ని గంటలకు ఏ యర్థమో ఇద్దఱును ముందే ఒడంబడి యున్నారు. ఆ తీగవెంట పోవునది గంట మాత్రమే. ఇచ్చటి స్టేషను మాస్టరు కడుపుమంటయు, పొద్దుననే ఇంటియొద్ద జరిగిన తగవును ఆ గంటతో అవతలికి పోవు. రావుగారి తలనుండి స్టోక్కోగారి వ్రేలికి పోయినదియు ఒక్క గంటయే: "పేల్చు". ఇట్లనుట వలన ఆ పని గొప్పతనము తగ్గదు. తీగయే లేని చోట మొదటి గంట మ్రోగించుట సామాన్యమా?

2015లో వారి బృందము పిల్లల ఆటయొకటి తీసికొనెను. ఒకడు మనస్సులో ఒక వస్తువును తలచుకొనును. మఱియొకడు ప్రశ్నలు వేసి కనుగొనవలెను. సమాధానమిచ్చువాడు ఔను, కాదు అని రెండు మిణుకు దీపములలో నొకదానిని చూచును. ఔనన్నచో ప్రశ్నించినవాని కంటియెదుట, వెలుపల ఏ దీపమును లేకున్నను, మెఱుపు మెఱసినట్లు తోచును. ఈ విధముగా నూటికి 72 ఆటలలో సరియైన వస్తువును కనుగొనిరి. సంకేతము పోకుండ చేసి మాయగా ఆడించినప్పుడు 18 మాత్రమే. 2019లో ముగ్గుఱిని కూర్చి, పైనుండి పడు ఇటుకను త్రిప్పి అమర్చు ఆట నాడించిరి. ఇద్దఱు చూచి చెప్పువారు. మూడవవాడు తెర సగము కనబడకయే వారి సంకేతమును బట్టి ఇటుకను త్రిప్పువాడు. సగటున నూటికి 81కి పైగా సరిపోయెను. వేగము మాత్రము తాబేటి నడక. నోటితో ఒక్క క్షణములో చెప్పు మాటకు అచ్చట ఎంతో సేపు పట్టును.

నోరును చేయియు బాగుగా నున్నవానికి తాబేటి నడక. అవి లేనివాని కేమి? 2004లో అమెరికాలో మాథ్యూ నేగల్ అను యువకుడు కత్తిపోటువలన మెడక్రింది శరీరమంతయు చచ్చుబడియుండగా, మెదడులో 96 సూదిమొనలుగల చిన్న బిళ్లను నాటించుకొని, తెరమీద బంతిని కొట్టు పాంగ్ ఆట ఆడెను. 2006లో సెయింట్ లూయిస్ నగరమున మూర్ఛవ్యాధి చికిత్సకై మెదడుపై బిళ్లలు పెట్టబడిన 14 ఏండ్ల బాలుడు ఆ బిళ్లల సాయముననే స్పేస్ ఇన్వేడర్స్ ఆట ఆడెను. 2024 జనవరిలో న్యూరాలింక్ కంపెనీవారి పరికరమును మెదడున నాటించుకొన్న నోలండ్ అర్బో అను యువకుడు కంప్యూటరుమీద చదరంగమాడుట లోకమంతయు చూచినది. కొన్ని వారములలోనే అతని మెదడునుండి సన్నని తీగలలో చాలభాగము వెనుకకు జాఱెను. పనిచేయు పద్ధతిని మార్చి మరల నడిపించిరి. ఇవి నుదుటిపట్టీలు కావు, శస్త్రచికిత్సలు. గోడవెలుపల నిలిచి వినుట కాక, గోడకు రంధ్రము చేసి ప్లాట్‌ఫారముమీదనే నిలుచుట. ఆ ప్రమాదమునకు సిద్ధపడినవారు ఎందులకు సిద్ధపడిరో ఆలోచించినచో ఆట యన్న మాటకు వేఱు బరువు వచ్చును.

ఇప్పుడు మా యింటి సంగతి. మనుమని అనుమతితోనే చెప్పుచున్నాను; వాడు ఇచ్చటనే కూర్చున్నాడు.

వానికి ఎనిమిదవ యేట పాఠశాలనుండి ఫిర్యాదులు రాసాగెను. పరధ్యానము; పిలిచినను పలుకడు; డిక్టేషను నడుమ రెండుమూడు మాటలు విడిచిపెట్టును. మా అల్లుడును అమ్మాయియు మొదట మందలించిరి, తరువాత దండించిరి. నేనును పెద్దవాడనై "శ్రద్ధ లేనివానికి విద్య రాదు" అని ఉపదేశించితిని. అంతలో ఒక నగరమున పిల్లల ఏకాగ్రతను పెంపొందించెదమను సంస్థ యొకటి కలదని తెలిసెను. అచ్చట వాని నుదుటికి పట్టీ కట్టి, తెరమీద బంతిని లేపుమనిరి. కొంతసేపటికి ఒక కాగితము అచ్చువేసి యిచ్చిరి: అవధానము ఇంత, ప్రశాంతత ఇంత, నూటికి మార్కులు. తక్కువ వచ్చినవి. నలువది దినములు సాధన చేయింపవలెనని, అందులకు ఇంత రుసుమని చెప్పిరి. చెల్లించితిమి. దినదినము వాడు పట్టీ కట్టుకొని బంతివైపు చూచుచుండెను. మార్కులు కొంత పెరిగెను. పాఠశాల ఫిర్యాదులు తగ్గలేదు. దవడలు బిగించినచో మార్కులు పెరుగునని వాడు కనిపెట్టినాడు! ఇంటనున్న బొమ్మతో నా భార్యను ఓడించిన విద్య వానికి అచ్చటనే అబ్బినది.

ఒకనాటి సాయంకాలము మా వీధిలో ఆసుపత్రి నర్సుగా నుండు సోదరి పేరంటమునకు వచ్చి, వాడు అన్నము తినుట చూచెను. ముద్ద నోటివద్ద ఆగినది. కన్నులు తెఱచియే యున్నవి. రెప్పలు సన్నగా అదరినవి. ఏడెనిమిది సెకనులు. తరువాత ఏమియు జరుగనట్లే ముద్ద నోట పెట్టుకొనెను. ఆమె మా అమ్మాయిని లోపలికి పిలిచి, "అక్కా, ఇది పరధ్యానము కాదేమో, నరముల వైద్యునికి చూపింపుడు" అనెను.

వైద్యుడు వాని తలనిండ బిళ్లలంటించి ఈ.ఈ.జి. తీయించెను. కొంతవఱకు గీతలు సక్రమముగానే నడచెను. అప్పుడాయన బల్లసొఱుగునుండి ఒక కాగితపు గాలిమరను తీసి వాని చేతికిచ్చి, "నాయనా, ఇది ఆగకుండ మూడు నిమిషములు ఊదుము" అనెను. తిరునాళ్లలో పది రూపాయల కమ్ము గాలిమర. దీర్ఘముగా ఊదుటవలన ఇట్టి వ్యాధి పిల్లలలో బయటపడునట. రెండవ నిమిషము కాకమునుపే గాలిమర ఆగిపోయెను. వాడు శూన్యమును చూచుచుండెను. కాగితముమీద గీతలన్నియు ఒక్కసారిగా లేచి, సెకనుకు మూడు చొప్పున శిఖరమును అలయు, శిఖరమును అలయు, తలనిండ ఒకే తాళమున నడచెను. కొన్ని సెకనులలో ఆగెను. గాలిమర మరల తిరిగెను. "ఏమి జరిగినది, బాబూ?" అని అడుగగా, "ఏమి లేదే, ఊదుచున్నాను గదా" అని వాడనెను.

దానిని ఆబ్‌సెన్స్ మూర్ఛ యందురు. పడిపోవుట, నురుగు గ్రక్కుట యుండవు. దినమునకు పదులకొలదిగా వచ్చు చిన్న చిన్న తెరలు. ఆ తెర వెనుక నున్నప్పుడు వానికి గురువుగారి మాట వినబడదు. తిరిగి వచ్చిన తరువాత తాను పోయితినని తెలియదు. అట్టి వానిని మేము దండించితిమి. ఈ మాట చెప్పుటకే నేను నేటి ప్రసంగమున కొప్పుకొంటిని. మందులు వాడగా కొన్ని వారములలోనే డిక్టేషనులో విడిచిన మాటలు తగ్గెను. ఈ వ్యాధి వచ్చిన పిల్లలలో పెక్కుమందికి యుక్తవయస్సునకు తగ్గిపోవునని వైద్యులందురు. మూర్ఛ యన్న మాట పైకి చెప్పవలదని, రేపు పెండ్లి సంబంధములకు అడ్డమగునని బంధువులు కొందఱు సలహా నిచ్చిరి. మేము వినలేదు. వాడును వినలేదు, తరగతిలో తానే చెప్పుకొనెను.

పరధ్యానముగల ప్రతి పిల్లవానికి ఈ వ్యాధి యని నేననుట లేదు. కంటిచూపు మందగించినను, చెవిలో గుబిలి గట్టిపడినను, రాత్రి నిద్ర చాలకున్నను పాఠము తలకెక్కదు. వీనినన్నిటిని వైద్యుడు చూడవలెను. నుదుటిమీద బిళ్లయొక్కటిపెట్టి మార్కుల కాగితమిచ్చువారు వీనిలో దేనిని చూడరు.

ఇట్టి వ్యాపారము మన దేశమునకే పరిమితమైనది కాదు. 2019లో చైనాలో జిన్‌హువా ప్రాంతపు ప్రాథమిక పాఠశాల యొకదానిలో పిల్లలకు బ్రెయిన్‌కో అను కంపెనీవారి తలపట్టీలు కట్టిరి. నుదుట చిన్న దీపము: శ్రద్ధగా నున్నచో ఎఱుపు, చెదరినచో నీలము. ఆ లెక్క గురువుగారి కంప్యూటరుకును, అచ్చటినుండి తల్లిదండ్రులకును చేరెడిది. ప్రజలలో అలజడి చెలరేగగా అధికారులు నిలిపివేసిరి. మన దేశమున "మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్" అను పేరిట కండ్లకు గంతలు గట్టి పిల్లలచే చదివించు ప్రదర్శనలు కొన్నాళ్లు జోరుగా జరిగెను. మంగళూరునందలి హేతువాది నరేంద్ర నాయక్‌గారు, పిల్లలు ముక్కుప్రక్క సందునుండి చూచుచున్నారని పలుచోట్ల చూపిరి. పిల్లలను తప్పుపట్టకుడు. ఫీజు కట్టిన తల్లిదండ్రులు ఎదుట కూర్చుండగా ఎనిమిదేండ్లవాడు ఏమి చేయును?

రైల్వేవారికి సంబంధించిన ముక్క యొకటి. 2018లో చైనాలో బీజింగు–షాంఘై వేగపు బండ్ల డ్రైవర్ల టోపీలలో మెదడు తరంగములను పట్టు బిళ్లలమర్చి, కునుకు వచ్చినచో హెచ్చరించుచున్నారని పత్రికలు వ్రాసెను. మన ఇంజనులలో విజిలెన్స్ కంట్రోల్ డివైస్ కలదు. లోకో పైలటు కొంతసేపు ఏ మీటను ముట్టకున్నచో దీపము వెలుగును, కూత వచ్చును, అప్పటికిని స్పందింపకున్నచో బ్రేకు పడును. అది చేతిని అడుగును. ఈ టోపీ తలను అడుగును. నిద్రమత్తు తరంగములలో కనబడుట నిజమే, కావున టోపీ వలన ప్రయోజనము లేదని చెప్పజాలను. ఐతే ఆ లెక్క ఎవని బల్లమీదికి పోవును? కునుకు వచ్చినదని తెలిసిన పిమ్మట విశ్రాంతి గంటలు పెంతురా, మెమో యిత్తురా? లోకో పైలట్ల భార్యలు ఈ సభలో పలువు రున్నారు. సమాధానము వారికి తెలియును.

న్యాయస్థానములు ఈ విషయమున మేలుకొన్నవి. 2008లో పుణెలో హత్యానేరపు విచారణ యొకదానిలో మెదడు పరీక్షను సాక్ష్యములలో చేర్చుకొనిరి. 2010 మే 5వ తేదీన మన సుప్రీంకోర్టు సెల్వి కేసులో, మనిషి సమ్మతి లేనిదే అట్టి పరీక్ష చేయరాదని తీర్పు చెప్పెను. చిలీ దేశము 2021లో మెదడునుండి వచ్చు సమాచారమునకు రాజ్యాంగమునందే రక్షణ కల్పించెను. 2023లో అచ్చటి సుప్రీంకోర్టు, మాజీ సెనేటరు గిడో హిరార్ది తలపట్టీనుండి సేకరించిన సమాచారమును తుడిచివేయుమని ఇమోటివ్ అను కంపెనీ నాజ్ఞాపించెను. మన పార్లమెంటు 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున పదునెనిమిదేండ్ల లోపువారి సమాచారము తీసికొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని కలదు. కనుక ఇట్టి పట్టీ కొనువారు దానితోకూడ సెల్‌ఫోనులో వేయు యాపు ఏమేమి అడుగుచున్నదో చదువుడు. మేము చదువక "సరే" అను మీట నొక్కితిమి. మా వాని నలువది దినముల మార్కులు ఏ దేశమున ఏ పెట్టెలో నున్నవో నాకు తెలియదు.

ఈ బల్లమీది బొమ్మకు యాపు లేదు, సెల్లులు మాత్రమే. అందులకే తెచ్చితిని. ఆటగా ఆడినచో ఇందులో దోషమేమియు లేదు. సరదాయే.

పిల్లలారా, ఇద్దఱిద్దఱుగా రండు. చెవి తమ్మెలు తడిగుడ్డతో తుడుచుకొన్నచో క్లిప్పు బాగుగా పట్టును. చెవిపోగులున్న బాలికలు వానిని అమ్మకిచ్చి రండు. మొదటి పట్టీ మా మనుమడు కట్టుకొనును; రెండవది ఎవరైనను. దవడలు బిగింపరాదను నియమము పెట్టుచున్నాను. దానిని కనిపెట్టి చూచుటకు వాని అమ్మమ్మ ప్రక్కనే కూర్చుండును.